లెక్కలక్కయ్య తప్పుల చీటీలు

మా తోడికోడలిని ఇంటా బయటా అందరూ లెక్కలక్కయ్య అంటారు. ఎదుటే అంటారు. ఆవిడేమీ అనుకోదు సరికదా, "లెక్క తప్పేవాళ్ళకే ఆ పేరు గుచ్చుకుంటుందిలే" అని నవ్వుతుంది. మా మేడ మెట్లు పదిహేడనీ, దారాల కొట్టుకు ఇంటినుంచి నాలుగు వందల పన్నెండు అడుగులనీ, మా ఆయన భోజనం దగ్గర పన్నెండుసార్లు "ఊఁ" అని లేచిపోతాడనీ నాకు చెప్పింది ఆవిడే. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం అంటారే, అలాంటి మనిషి. ఆవిడకు లెక్క తప్పడం మొదలైనప్పుడు ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది నాకు. తెలిశాక నేను వెలగబెట్టిన ఘనకార్యం గురించే ఈ రాత.

ఆవిడ పని క్రాస్ స్టిచ్ డిజైన్లు గీయడం. గళ్ళ గుడ్డ మీద గడికో ఇంటూ గుర్తు చొప్పున కుట్టుకుంటూ పోతే బొమ్మ తేలే కుట్టు అది. ఏ గడిలో ఏ రంగు దారం పడాలో చూపించే కాగితాన్ని చార్టు అంటాం. త్రికోణం ఉంటే ముదురాకుపచ్చ, చుక్క ఉంటే లేత గులాబి, అలా రంగుకో గుర్తు. తీరికవేళ కుట్టుకునేవాళ్ళు ఎక్కువగా శాంప్లర్లే అడుగుతారు. అంటే అక్షరాల వరుసలు, వాటికింద ఒక ఇల్లు, రెండు పిట్టలు, ఒక మంచిమాట, చుట్టూ తీగ అంచు. మన అక్షరాలేమో గుండ్రాలు, గళ్ళేమో చదరాలు. ఆ చదరాల్లోనే 'ఱ'ని కూడా గుండ్రంగా తిప్పిన చెయ్యి లెక్కలక్కయ్యది. నెలకో డిజైను గీస్తే బావగారు, అంటే ఆవిడ భర్త, దాన్ని అచ్చు వేయించి, కవర్లలో పెట్టి, టపాలో పంపేవారు.

నా పని ముందుగా కుట్టి చూడటం. చార్టు అచ్చుకు వెళ్ళేలోగా ఎవరో ఒకరు దాన్ని గుడ్డ మీదికి ఎక్కించాలి. అప్పుడే తప్పులు బయటపడతాయి. ఆవిడ రంగులు వేసుకున్న బొమ్మ నాకు చూపించదు, నేను అడగకూడదు. చార్టు ఏం చెబితే అది కుట్టాలి, అంతే. "నీ తెలివి మీ ఇంట్లో పెట్టి రావే" అనేది మొదట్లో. "కింది వాటాయే కదండీ, ఎంతసేపు, మళ్ళీ వచ్చేస్తుంది" అనేదాన్ని. కుడుతుంటే తగిలిన తప్పుల్ని ఒక చీటీ మీద రాసి, ఆ గుడ్డకే గుండుసూదితో గుచ్చి ఇవ్వాలి. పదిహేనో వరుస, నలభయ్యో గడి, గుర్తు లేదు. ఇలా ఉంటుంది రాత. ఇరవై రెండేళ్ళుగా చీటీకి రెండో మూడో తప్పులు. ఒక్కటీ లేకపోతే ఆవిడ ఒప్పుకోదు. "కళ్ళు మూసుకుని కుట్టావా?" అని నాకే చీవాట్లు పెట్టేది.

వాళ్ళమ్మ గురించి నాతో ఒక్కసారే మాట్లాడింది. ఆ తల్లి బట్టల కొట్టులో గుడ్డ కొలిచి చింపి ఇచ్చే పని చేసేదట. అరవై దాటాక కొలిచిందే కొలవడం మొదలుపెట్టిందట. కొట్టువాళ్ళు పని మానిపించారు. మూడేళ్ళు తిరక్కుండానే సొంత కూతురు మంచినీళ్ళు అందిస్తే "ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు?" అని అడిగిందట. "మొదట పోయింది లెక్కే. తర్వాత పేర్లు పోయాయి. ఆ తర్వాత నేను" అంది లెక్కలక్కయ్య. అంటున్నంతసేపూ కుట్టిన గుడ్డని నీళ్ళలో ముంచి తేలుస్తూనే ఉంది. నేనేదో ఓదార్పు మాట వెతుక్కునేలోపల, "రంగు దిగుతోందేమో చూడు" అని మాట మార్చేసింది.

ఆవిడకు అరవై నిండిన ఏడాదే చీటీలు పొడుగవడం మొదలుపెట్టాయి. ఒక నెల అయిదు, ఒక నెల ఏడు. ఒకటి రెండు అటూ ఇటూ అయితే ఏముందిలే అనుకున్నాను. తర్వాత ఒక అంచు వచ్చింది. తీగ ఆరు గళ్ళకోసారి మలుపు తిరగాలి. పైవరుసలో నాలుగో మలుపు ఏడు గళ్ళకు తిరిగింది. కుట్టేటప్పుడు ఆ ఒక్క గడీ ఎవరికీ కనిపించదు. నాలుగు వైపులా మూడు వారాలు కుట్టుకుంటూ వచ్చాక చివరి మూలలో తీగ కొస రెండో కొస పక్కనుంచి పోయింది. సూది పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అంచు లెక్క ఆవిడ నిద్రలో కూడా తప్పదు. కొత్తగా పెళ్ళయి వచ్చిన రోజుల్లో నాకు కుట్టు నేర్పుతూ మొట్టమొదట చెప్పింది అదే: అంచు కలిస్తే మిగతా తప్పులు దేవుడైనా క్షమిస్తాడు.

ఆ తర్వాతి నెల చీటీలో పదకొండు తప్పులు. పిట్ట ముక్కు పిట్టను వదిలి రెండు గళ్ళ అవతల ఉంది. ఆకులకూ ఇంటి కప్పుకూ ఒకటే గుర్తు. అక్షరాల వరుసలో 'చ' రెండుసార్లు వచ్చింది, 'ఛ' అసలు లేదు. తీసుకెళ్ళి ఇచ్చాను. కిటికీ దగ్గర నిలబడి చదివింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. తలెత్తి, "పదకొండు కదే?" అని నన్నడిగింది.

ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి నన్ను లెక్క అడగడం అదే మొదలు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అవునండీ" అన్నాను. చీటీని మడిచి, ఇంకా మడిచి, గోరంత చేసి గుప్పెట్లో పెట్టుకుంది. ఆ రోజు భోజనానికి లేవలేదని బావగారు చెప్పారు. నేను మా వాటాలోకి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. నాకు భయం వేసింది. మామూలు భయం కాదు, చిన్నప్పుడు మెట్ల కింద చీకట్లోకి బంతి దొర్లితే వేసేలాంటిది. ఆ మొహం నేను మళ్ళీ చూడలేను అనుకున్నాను. దానికి నేను పెట్టుకున్న పేరు జాలి. పిరికితనం అని ఇప్పుడు తెలుసు.

మర్నాడే కొట్టుకు వెళ్ళి ఆవిడ వాడే రకం గట్టి పెన్సిలు, ఆవిడ వాడే రకం రబ్బరు కొన్నాను. ఆ నెలనుంచి చార్టులో తప్పు తగిలితే చప్పుడు కాకుండా నేనే చెరిపి, ఆవిడ చేతివాటంలోనే సరైన గుర్తు వేసేదాన్ని. త్రికోణం కుడివైపు కాస్త పొడుగ్గా లాగుతుంది ఆవిడ. నేనూ అలాగే లాగాను. చీటీ ఖాళీగా ఇస్తే అనుమానం వస్తుంది కదా, అందుకని రెండు మూడు చిన్న చిన్న తప్పులు కల్పించి, చార్టులో నేనే ఆ గుర్తులు చెరిపేసి, చీటీలో రాసేదాన్ని. పదో వరుస, ఏడో గడి, గుర్తు లేదు. దొంగతనానికి ఇంత శుభ్రత అవసరమా అని నాకే నవ్వొచ్చేది. కానీ ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ముందు నిజం చీటీ రాసుకునేదాన్ని, ఆ తర్వాతే దొంగ చీటీ. నిజం చీటీలు మా బీరువాలో చీరల అడుగున పెట్టేదాన్ని.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరంతా చాటుతుంటాడు. ఆ నేనే ఎనిమిది నెలలు ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగాను. ఒక్క పూట మనశ్శాంతి లేదు. ఆవిడ వాటాలోంచి "ఏమే, ఒకసారి రా" అని పిలుపు వినిపిస్తే చాలు, తెలిసిపోయింది, అయిపోయింది అనుకుంటూ పదిహేడు మెట్లు ఎక్కేదాన్ని. తీరా వెళ్తే ఏ దారపు చిక్కు విప్పడానికో పిలిచి ఉండేది. అసలు పెద్ద భయం అది కాదు. ఆవిడ కనిపెట్టడం లేదు, అదీ భయం. ఒకప్పుడు గది అవతలి మూలనుంచే ఎవరో ఒక గడి మార్చారని చెప్పేసే మనిషి, నేను నలభై గళ్ళు మార్చిన చార్టు ముక్కు దగ్గర పెట్టుకుని, "నేనే గీశాను కదా, బాగానే వచ్చింది" అని మురిసిపోయేది. రబ్బరు పొట్టు ఇంకా కాగితం మీదే ఉండేది.

అయినా ఆవిడ ముఖం తేటపడింది. నవ్వుతోంది, ఎప్పట్లా తిడుతోంది. అది చూసి, నేను చేస్తున్నది మంచిపనే అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని.

ఎనిమిదో నెల చీటీ ఇచ్చిన రోజు. మధ్యాహ్నం పూట, గదినిండా వెలుతురు. లెక్కలక్కయ్య చీటీ చూసి, "రెండే! చూశావటే, రెండే!" అని చిన్నపిల్లలా గంతేసినంత పని చేసింది. సొరుగులోంచి ఒక గళ్ళ కాగితం తీసి, పెన్సిలుతో రెండు గళ్ళు నింపి, నా ముందు పరిచింది.

"ఇది ఎవరికీ చూపించలేదు. మీ బావగారికి కూడా. నీ చేతి మీదుగా నడిచింది కాబట్టి నీకు చూపిస్తున్నా" అంది.

ఒక్కో డిజైనుకు ఒక్కో నిలువు వరుస. చీటీలో ఎన్ని తప్పులుంటే అన్ని గళ్ళు కింది నుంచి నీలం రంగుతో నింపింది. మూడు, అయిదు, నాలుగు, ఏడు, ఆరు, పదకొండు. ఎనిమిదో గడి పైన ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్ర గీత.

"అరవై నిండిన రోజున మొదలుపెట్టానే. అమ్మకి ఎప్పుడు మొదలైందో మాకెవరికీ తెలియలేదు. తెలిసేసరికే చెయ్యి దాటిపోయింది. నాకలా కాకూడదు. నా బుర్ర సంగతి నా బుర్రనే అడిగితే ఏం చెబుతుంది, బాగున్నానంటుంది. నిన్నడిగితే నిజం తెలుస్తుంది. ఈ గీత దాటితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నా. పదకొండు వచ్చిన రోజున ఫోన్ చేసి తేదీ కూడా తీసుకున్నా. మూడు నెలల తర్వాత ఇచ్చారు. తొందరగా వస్తే ఏదైనా చెయ్యడానికి ఉంటుందమ్మా, ఆ తేదీ మాత్రం తప్పకండి అని మరీ మరీ చెప్పింది డాక్టరమ్మ."

"మరి వెళ్ళారా?" అన్నాను.

"ఎందుకెళ్ళడం? ఆ మూడు నెలల్లో నీ చీటీల్లో రెండు, మూడు, రెండు! వద్దని ఫోన్ చేసి చెప్పేశా. ఆ పదకొండు నాడు ఏ జ్వరమో ఉండుంటుంది నాకు. చూడు, తర్వాతి వరుసలన్నీ గీత కిందే ఎలా పడున్నాయో!"

పదకొండు గళ్ళ వరుస పక్కన పొట్టి వరుసలు ఎనిమిది. వాటిలో ఒక్కటీ ఆవిడది కాదు, అన్నీ నేను కల్పించినవే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు తెరిస్తే కేక వస్తుందేమోనని భయం. "పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానండీ" అని అబద్ధమాడి కిందికి వచ్చేశాను. అబద్ధాలకు అప్పటికి బాగానే అలవాటు పడ్డాను.

రెండు రోజులు కంటిమీద కునుకు లేదు. చెబితే ఆవిడ నన్ను జన్మలో క్షమించదు. చెప్పకపోతే ఆవిడకు నేనెవరో తెలియని రోజు వస్తుంది, అప్పుడు క్షమించమని అడగడానికి మనిషే ఉండదు. ఎనిమిది నెలలు! ఏదైనా చెయ్యడానికి వీలున్న ఎనిమిది నెలల్ని రబ్బరుతో చెరిపేశాను. బావగారు మెట్ల మీద ఎదురై, "ఏంటమ్మా, అలా పీక్కుపోయావు?" అంటే గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

మూడో రోజు పొద్దున్నే బీరువాలోంచి ఎనిమిది చీటీలూ తీసుకుని పైకి వెళ్ళాను. లెక్కలక్కయ్య ఒక శాంప్లర్‌ని తువ్వాలు మీద బోర్లా పరిచి ఇస్త్రీ చేస్తోంది. నిలబడే చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టానో, ఎలా ముగించానో గుర్తులేదు. ఆవిడ ముందు ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపింది, దాన్ని నిలబెట్టింది, అప్పుడు నా వైపు తిరిగింది.

"ఎన్ని నెలలు?"

"ఎనిమిది."

"అన్నీ నువ్వే దిద్దావా?"

"అవునండీ."

"ఎవరు దిద్దమన్నారే నిన్ను?" ఆవిడ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "భయపడుతోంది పాపం అనుకున్నావా? అవునే, భయపడ్డాను! ఆ భయంతోనే కదా ఫోన్ చేశాను! నువ్వొచ్చి దాన్ని కాస్తా తీసేసి, బొమ్మ చేతికిచ్చి పసిదాన్ని ఏడుపు మాన్పించినట్టు నన్ను కూర్చోబెట్టావు. నా తప్పులు నావే, నా దగ్గరుండనివ్వాల్సింది!"

"మీ మొహం చూడలేకపోయాను అక్కయ్యా."

"చూడలేకపోతే కళ్ళు మూసుకోవాల్సింది. నా కళ్ళకు గంతలు కట్టడమేంటి?"

నేను ఏడుస్తున్నాను. ఆవిడ ఏడవలేదు. కుర్చీలో కూలబడింది. తర్వాత సొరుగు లాగి ఆ కాగితం తీసి, పొట్టి వరుసలన్నీ తనే చెరిపేసింది. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా చెరిపింది.

"చదువు" అంది.

చదివాను. తొమ్మిది. పన్నెండు. పది. పద్నాలుగు. ఆవిడ నీలం పెన్సిలుతో ఒక్కో గడీ నింపుకుంటూ పోయింది. పద్నాలుగు నింపేటప్పుడు తడబడి, "ఎన్ని నింపాను?" అని అడిగింది. "పదకొండు. ఇంకా మూడు" అన్నాను. పదమూడు. పదిహేడు. పదిహేను. చివరిది పంతొమ్మిది. ఆ ఎనిమిదింట్లో ఎర్ర గీతకు కింద మిగిలిన వరుస ఒక్కటి కూడా లేదు. అప్పుడు కళ్ళజోడు తీసి, "మా అమ్మ కూడా ఇంత తొందరగా పోలేదే" అంది నెమ్మదిగా. ఆ మాటకు నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. తిట్టలేదు. నా తల మీద చెయ్యి వేయనూ లేదు.

మళ్ళీ తేదీ దొరకడానికి ఆరు వారాలు పట్టింది. బావగారికి ఆవిడే చెప్పింది. ఆయన వెళ్ళి, టపాకు సిద్ధంగా ఉన్న కవర్లన్నీ విప్పి, ఏమీ మార్చకుండానే మళ్ళీ అంటించారు. ఆ ఆరు వారాలూ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు లెక్కలక్కయ్య. కానీ చార్టు మాత్రం ఇచ్చింది. ఇస్తూ, "ఒక్క గడి ముట్టుకున్నావంటే మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అంది. కుట్టాను. పిట్టకు మూడు కాళ్ళుంటే మూడు కాళ్ళూ కుట్టాను. ఇంటికి తలుపు కప్పు మీద ఉంటే కప్పు మీదే కుట్టాను. కుడుతూ ప్రతి గడిలోనూ భయపడ్డాను. ఇరవై ఒక్క తప్పుల చీటీ గుచ్చి ఇస్తే నిలబడి చదివి, "ఊఁ" అని తీసుకుంది.

డాక్టరమ్మ గది చిన్నది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు గడియారం. బావగారిని, నన్ను చూసి, "మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి. పక్కన ఇంటివాళ్ళుంటే జవాబులు అందించేస్తారు" అన్నారు డాక్టరమ్మ. బావగారు లేచారు. నేనూ లేచాను.

"దాన్ని ఉండనివ్వండి. ఇదివరకు అందించేది. ఇప్పుడు మానేసింది" అంది లెక్కలక్కయ్య. ఆరు వారాల్లో నా గురించి ఆవిడ మాట్లాడిన మాట అదొక్కటే. డాక్టరమ్మ నా వైపు ఒకసారి చూసి, సరేనన్నారు. బావగారు బయటికి వెళ్ళారు, నేను గోడ పక్కన కూర్చున్నాను.

ఈ రోజు ఏ వారం, ఏ నెల అని అడిగారు. చెప్పింది. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. తర్వాత, "వందలోంచి ఏడు తీసేయండి. మిగిలినదాంట్లోంచి మళ్ళీ ఏడు. అలా చెప్పుకుంటూ వెళ్ళండి" అన్నారు.

లెక్కలక్కయ్య నవ్వింది. ఇదేం ప్రశ్న, నన్నా అడగడం, అన్నట్టుంది ఆ నవ్వు. "తొంభై మూడు" అంది. "ఎనభై ఆరు" అంది. తర్వాత పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. బల్ల కింద వేళ్ళు మడుస్తోంది, విప్పుతోంది. నవ్వు ఇంకా అలాగే ఉంది, కళ్ళలో మాత్రం లేదు.

డెబ్బై తొమ్మిది. నా నాలుక చివరికి వచ్చేసింది. ఒక్క మాట, గాలి పీల్చినంత చప్పుడు చాలు. ఆవిడ నెమ్మదిగా తల తిప్పి నా వైపు చూసింది. అడగలేదు. చూసిందంతే. పళ్ళతో పెదవి కొరుక్కుని, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, ఆ మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. కళ్ళు మూసుకోలేదు.

లెక్కలక్కయ్య డాక్టరమ్మ వైపు తిరిగింది.

"రావడం లేదండీ" అంది. "తప్పని రాసుకోండి."

డాక్టరమ్మ రాసుకున్నారు.